చలికాలం చివర బారాసింగా కోసం

జనక్‌పురి

ఊరి నుంచి తిరిగి వచ్చి వారం దాటింది. ఎడమకాలి బొటనవేలు ఇంకా పూర్తిగా దారికి రాలేదు. అయినా ఎవరైనా “జనవరిలో ఎక్కడికైనా వెళ్ళారా?” అని అడిగితే చాలు, పొయ్యి మీద కూర సిమ్‌లో పెట్టేసి మరీ చెబుతున్నాను. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకసారి కూర్చుని రాసేస్తే మేలనిపించింది.

నేను కాకినాడలో పుట్టినదాన్ని. ఇక్కడ కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అనువాదాలు చేసే ఉద్యోగం. ఢిల్లీ వచ్చి పాతికేళ్ళయినా చలితో నాకు రాజీ కుదరలేదు. దీపావళి వెళ్ళగానే మొదలుపెట్టి హోలీ దాకా స్వెటర్ విప్పను. ఆఫీసులో నా బల్ల కింద హీటరుంటుందని తెలిసి, పక్క సెక్షన్ వాళ్ళు కూడా ఫైళ్ళు పట్టుకుని నా దగ్గరికే వచ్చి నిలబడతారు.

మా అమ్మాయి మేఘన ఇక్కడే పుట్టింది. దానికి చలి లెక్కలేదు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతూ, యూనివర్సిటీకి దగ్గరని మునిర్కాలో ఫర్హీన్ అనే స్నేహితురాలితో గది తీసుకుని ఉంటోంది. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబు చెబుతుంది. ఇరవై మూడేళ్ళుగా మా సంసారం ఇలాగే సాగుతోంది.

దాని ప్రాజెక్టు బారాసింగా మీద. అదొక పెద్ద దుప్పి. నీటి ఒడ్డున రెల్లుగడ్డిలో బతుకుతుంది. బారా అంటే పన్నెండు; మగదాని కొమ్ములకు అన్ని కొనలుంటాయని ఆ పేరు. ఢిల్లీకి మూడు నాలుగు గంటల దూరంలో, హస్తినాపురం పక్కన గంగ ఒడ్డు గడ్డిలో అవి కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఒకానొక గడ్డిభూమిలోకి మగవి కూడా వస్తున్నాయని మేఘన ఫొటోతో చూపించాలి. చలికాలం చివర మగవాటి కొమ్ములు రాలిపోతాయి. ఆ తర్వాత దూరం నుంచి చూస్తే ఏది మగదో ఏది ఆడదో చెప్పడం కష్టం. మేఘన అప్పటికి మూడుసార్లు వెళ్ళివచ్చింది. గిట్టల గుర్తులు తప్ప ఏమీ కనబడలేదు. జనవరి ఆఖరుకి కూడా కనబడకపోతే వేరే అంశం తీసుకోమని వాళ్ళ మేడమ్ చెప్పేశారట.

ఆ ఆఖరి వారాంతానికి ఫర్హీన్‌కి జ్వరం వచ్చింది. ఒంటరిగా గడ్డిలోకి వెళ్ళకూడదని డిపార్ట్‌మెంట్ నియమం.

“మమ్మీ, ఆప్ చలోగీ?” అని ఫోన్ చేసింది. నన్ను రమ్మంటోంది! ఎంత గతిలేకపోతే అడిగిందో అనుకున్నాను.

మావారు మాత్రం ఈ ప్రయాణంలో వేరే అవకాశం చూశారు. మా కాలనీ దగ్గర ఒక స్కూల్లో బయాలజీ టీచరు పోస్టు ఉంది. ఆయన స్నేహితుడి ద్వారా మాట కూడా అయిపోయింది. సోమవారం లోపు ఔనో కాదో చెప్పాలి.

“ఈ దుప్పులు, గడ్డి ఎన్నాళ్ళు? అన్నం పెడతాయా? నేను చెబితే మొహం ముడుచుకుంటుంది. రెండు రోజులు ఇద్దరే ఉంటారుగా, మెల్లిగా నువ్వే చెప్పు” అన్నారు.

నాకూ ఆ మాట సబబే అనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? సరే అన్నాను. పేవ్‌మెంట్ మీద వందకి మూడు జతలమ్మే ఉన్ని సాక్సులు కొని, కాటన్ బనీనుతో మొదలుపెట్టి శాలువాతో ముగిసే ఆరు పొరలు తొడుక్కుని బయలుదేరాను. మెట్రోలో ఒక పాప నన్ను చూసి వాళ్ళమ్మ చెవిలో ఏదో చెప్పి నవ్వింది.

మవానా దాటాక

మీరట్ దాటి, మవానా మీదుగా వెళ్ళే బస్సు అది. రోడ్డు పొడుగునా చెరకు ట్రాక్టర్లే. బస్సు కంటే వెడల్పుగా లోడు వేసుకుని, వెనకున్నవాళ్ళకి ఏమీ కనబడకుండా, తీరిగ్గా పోతుంటాయి. కిటికీ అద్దం పూర్తిగా పడదు. ఆ సందులోంచి వచ్చే గాలి సరిగ్గా నా చెవిలోకే వస్తోంది. పక్క సీటు పెద్దావిడ నా అవస్థ చూసి, తన చున్నీ కొసని సందులో కుక్కి, గుప్పెడు వేయించిన వేరుశనక్కాయలు నా ఒళ్ళో పోసింది.

“ఎక్కడివాళ్ళు?” అని అడిగింది.

“ఆంధ్రా.”

“అక్కడ చలి ఉండదా?”

“ఉంటుంది. సంక్రాంతికి నాలుగు రోజులు.”

ఆవిడ నా వైపు జాలిగా చూసి ఇంకో గుప్పెడు పోసింది.

హస్తినాపురం అనగానే నా మనసులో రాజసభలు, స్తంభాలు కదలాడాయి. బస్సు దిగితే ఒక టీ కొట్టు, జిలేబీ బండి, సగం మంచులో మునిగిన పెద్ద ఆలయ శిఖరం కనబడ్డాయి. అక్కడి నుంచి గంగ వైపు ఈ-రిక్షాలో వెళ్ళాలి. దారిలో ప్రతి ఇంటి ముందూ గేదెల మీద గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. మేకలకు పిల్లల పాత స్వెటర్లు తొడిగారు. ఒక మేక వేసుకున్న ఎర్ర స్వెటర్ అల్లిక ఎంత బాగుందంటే, రిక్షా ఆపించి మరీ చూశాను.

“మమ్మీ, హమ్ బారాసింగా దేఖ్‌నే ఆయే హై” అని, మనం వచ్చింది బారాసింగాని చూడటానికని గుర్తుచేసింది మేఘన.

మేం దిగాల్సిన ఇల్లు సంతోష్ గారిదని అది ముందే చెప్పింది. మా వైపు సంతోష్ అంటే మగపేరు. మావారు రెండుసార్లు “ఎవరీ సంతోష్? ఎలాంటివాడు?” అని ఆరా తీశారు కూడా. తలుపు తీసింది నలభై ఏళ్ళ ఇల్లాలు, ముక్కుపుడకతో, మోచేతుల దాకా పిండితో. “మాజీ ఆయీ హై!” అని, అంటే అమ్మగారు వచ్చారని, గట్టిగా అరిచి, ఆ పిండి చేతులతోనే నన్ను కావలించుకుంది. ఆ అరుపుకి లోపలి మంచం మీద నుంచి ఆమె మామగారు లేచి కూర్చున్నారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, తలపాగా, తెల్లటి మీసం. ఊరంతా ఆయన్ని తాఊజీ అని పిలుస్తుంది, అంటే పెదనాన్న. మేమూ అలాగే పిలిచాం.

ఆ పూట భోజనంలోకి మొక్కజొన్న రొట్టె, ఆవాకు కూర, దాని మీద కోడిగుడ్డంత వెన్న. అన్నీ తిన్నాక అలవాటు కొద్దీ కాస్త పెరుగుందా అని అడిగాను. సంతోష్ గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

“ఈ చలిలో, పొద్దుగూకాక, పెరుగా? మాజీ, పొద్దున్నకి మిమ్మల్ని ఎవరు లేపుతారు?” అంది. పెరుగుకి బదులు ఒక బెల్లం ముద్ద చేతిలో పెట్టింది. నేను తెచ్చిన ఉసిరికాయ పచ్చడి బయటపెడితే తాఊజీ వేలితో రుచి చూసి, కళ్ళు మూసుకుని, నుదుటి చెమట తుడుచుకున్నారు. “ఇది తిన్నవాడికి రజాయి దుప్పటి ఎందుకు?” అని సీసా తన పక్కన పెట్టుకున్నారు. మళ్ళీ మాకు కనబడలేదది.

ఖాదర్‌లో మొదటి ఉదయం

గంగ వరదొచ్చినప్పుడు మునిగి, తగ్గాక తేలే పల్లపు నేలని అక్కడ ఖాదర్ అంటారు. శనివారం తెల్లవారగానే మేఘన నన్ను అందులోకి తీసుకెళ్ళింది. జంతువులు ఉదయాన్నే మేతకి వస్తాయని దాని పుస్తకాల్లో ఉందట. బయలుదేరేటప్పుడు తాఊజీ వాకిట్లో నుంచి ఏదో అన్నారు గానీ, మేఘన కెమెరా సర్దుకునే హడావుడిలో వినిపించుకోలేదు.

పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, చెయ్యి చాస్తే వేళ్ళు కనబడ్డాయి, వాటి అవతల ఏమీ లేదు. రెండు నిలువుల ఎత్తు రెల్లుగడ్డి. ప్రతి పోచ చివరా నీటి బొట్లు. మేం నడుస్తుంటే అవన్నీ మా మీదే. అరగంట నడిచేసరికి ఆరు పొరల లోపల నాకు చెమట పట్టేసింది. హమ్మయ్య, చలి పోయిందనుకున్నాను. ఆగి నిలబడ్డ పది నిమిషాలకి ఆ చెమటే చల్లబడి వీపుకి అతుక్కుంది. పళ్ళు టకటకలాడటం మొదలైంది.

అప్పుడే మేఘన నేల మీదకి వంగి, నన్ను చేత్తో పిలిచింది. బురదలో గిట్టల గుర్తులు. వాటి అడుగున నీళ్ళు ఇంకా నెమ్మదిగా ఊరుతున్నాయి.

“అభీ అభీ గయా హై. బడా వాలా,” అంది గుసగుసగా. ఇప్పుడే వెళ్ళిందట, పెద్దదే. మేఘన కళ్ళలో అలాంటి వెలుగు నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. చిన్నప్పుడు కొత్త పెన్సిల్ డబ్బా కొనిస్తే ఉండేది.

నేనూ ఉత్సాహంగా ఇంకో అడుగు ముందుకు వేశాను. పచ్చగా, మెత్తగా కనిపించింది నేలేనని అనుకున్నాను. అది నీళ్ళ మీద పేరుకున్న నాచు. రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా దిగిపోయాయి. నా కేకకి అవతల గడ్డిలో పెద్ద చప్పుడైంది. ఏదో బరువైనది నీళ్ళలోంచి పరుగెత్తి దూరమైపోయింది.

మేఘన నన్ను బయటికి లాగింది. బూట్ల నిండా నీళ్ళు. కాళ్ళు మొదట మండాయి, కాసేపటికి అవి ఉన్న సంగతే తెలియలేదు. “నన్నిక్కడ గట్టు మీద కూర్చోబెట్టి నువ్వెళ్ళవే, దొరుకుతుంది” అందామనుకున్నాను. మాట ముద్దగా వచ్చింది. దవడ కదలడం లేదు.

అది నా మొహంలోకి చూసింది. గడ్డి చప్పుడైన వైపు ఒక్కసారి చూసింది. తర్వాత కెమెరా సంచిలో పెట్టేసి, నా చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

“నహీ మమ్మీ. వాపస్.”

మూడు నెలల్లో అది ఆ దుప్పికి అంత దగ్గరగా వెళ్ళడం అదే మొదటిసారి. దారంతా దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. “కాలి వేళ్ళు కదుపు, కదుపుతూ ఉండు” అని మాత్రం పదిసార్లు చెప్పింది.

బెల్లం బట్టీ దగ్గర

ఇంటికంటే ముందు సంతోష్ వాళ్ళ బెల్లం బట్టీ వస్తుంది. మా వైపు అనకాపల్లి దగ్గర చూసినదాని లాంటిదే: చెరకు గానుగ, ఎండబెట్టిన పిప్పి గుట్టలు, ఆ పిప్పే మండే పొడుగాటి పొయ్యి, దాని మీద వరుసగా మూడు పెద్ద పెనాలు. తేడా ఒక్కటే. మా దగ్గర ఆ వేడికి మనుషులు దూరంగా జరుగుతారు. ఇక్కడ ఊళ్ళో సగం మంది, నాలుగు కుక్కలు, స్వెటర్ వేసుకున్న రెండు మేకలు దాని చుట్టూ కొలువు తీరి ఉన్నాయి. తాఊజీ పొద్దున్న నుంచి పొద్దుపోయేదాకా అక్కడే ఉంటారట.

నన్ను చూడగానే ఆయన లేచారు. నేను తిన్నగా పొయ్యి ముందుకు వెళ్ళి కాళ్ళు చాపబోతే కర్ర అడ్డం పెట్టారు.

“మంట దగ్గర పెట్టకు బేటీ. స్పర్శ లేని కాలు కాలినా నీకు తెలీదు” అన్నారు.

సంతోష్ వచ్చి తడి బూట్లు, సాక్సులు లాగేసి, పొడి గోనెతో మెల్లిగా తుడిచి, కాళ్ళు తన శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. నా కాళ్ళు పరాయి మనిషి ఒళ్ళోనా అని సిగ్గుపడి వెనక్కి లాక్కుంటే, గేదెని అదిలించినట్టు అదిలించింది. వేళ్ళకి ప్రాణం తిరిగి వచ్చేటప్పుడు సూదులు గుచ్చినట్టుంటుంది. నేను కాకినాడ భాషలో ఏమేం అన్నానో ఎవరికీ అర్థం కాకపోవడమే మంచిదైంది.

కాళ్ళు వెచ్చబడ్డాక, పెనంలోంచి అప్పుడే తీసిన బెల్లం, ఇంకా పాకంలా మెత్తగా ఉన్నది, అల్లం ముక్కతో కలిపి ఆకులో పెట్టి ఇచ్చారు. అలాంటి బెల్లం మళ్ళీ దొరకదని తెలిసి రెండు కిలోలు కొన్నాను. కిలో యాభై. సంతోష్ ఇంకో కిలో ఊరికే సంచిలో వేసింది.

తాఊజీ నా బట్టల పొరలు లెక్కపెట్టి విసుక్కున్నారు. “ఒంటికి అంటుకునేది నూలుది వేసుకున్నావు. చెమట తాగి అదే నిన్ను చంపుతుంది. నడిచేటప్పుడు రెండు పొరలు తీసి చంకన పెట్టుకో. కొంచెం చలిగానే నడువు. కూర్చున్నాక అన్నీ తొడుక్కో” అన్నారు. బూట్లలో నలిపిన వార్తాపత్రికలు కుక్కి, గంటకోసారి మార్చాలని కూడా ఆయనే చెప్పారు. సాయంత్రానికి నిజంగానే ఆరిపోయాయి.

“ఇవన్నీ మీకెలా తెలుసు?” అని అడిగాను.

“వేటలో,” అన్నారు.

వేట నిషేధించే చట్టం రాకముందు, ఆయన పాతికేళ్ళ లోపు మనిషి. నగరాల నుంచి దొరలు, జమీందారులు తుపాకులతో వచ్చేవారట. ఈయనా ఇంకో ఇరవై మందీ గడ్డిలోకి దిగి, డబ్బాలు మోగిస్తూ, అరుస్తూ జంతువుల్ని గట్టు వైపు తోలేవాళ్ళు. గట్టు మీద వాళ్ళు కాల్చేవారు. రోజుకి రెండు రూపాయలు, ఒక పూట భోజనం. తెలివైన వేటగాళ్ళు ఇలా చలికాలం ఆఖరున వచ్చేవారట. అప్పటికి చెరకు కోతలవుతాయి, గడ్డి కోతలవుతాయి, దాక్కునే చోటు తగ్గిపోతుంది. జతకట్టే కాలంలో పోట్లాడి, తిండి మానేసి, మగవి బక్కచిక్కి ఉంటాయి.

మేఘన అంతసేపూ తల వంచుకుని వింటోంది. ఇప్పుడు తలెత్తి అడిగింది, “తాఊజీ, అయితే పొద్దున్నే ఎందుకు కనబడవు?”

ఆయన నవ్వారు. “పొద్దున్న నేను చెప్పబోయింది అదే. నువ్వు రజాయి వదిలి ఈ మంచులోకి వస్తావు, చదువుకున్నదానివి. అది ఎందుకొస్తుంది? నీలాగే దానికీ చలే. గడ్డిలో ముడుచుకుని ఉంటుంది. పదకొండు, పన్నెండుకి ఎండ పడ్డాక, గడ్డి కోసిన అంచుకి వచ్చి నిలబడుతుంది. వీపు కాచుకోవడానికి.”

మేఘన నోట్‌బుక్ తీసి రాసుకుంది. మూడు ప్రయాణాలూ పొద్దున్నే వెళ్ళి, ఎండెక్కగానే వెనక్కి వచ్చేసింది పాపం.

రజాయి కింద

ఆ సాయంత్రం ఇంకా ఏడు కాకుండానే ఇల్లంతా పడకలెక్కేసింది. మా మంచాల కింద మందంగా వరిగడ్డి పరిచారు. నేల చలి పైకి రాకుండా అట. అరికాళ్ళకి వేడి ఆవనూనె. పైన ఐదు కిలోల దూది రజాయి, కప్పుకుంటే పక్కకి తిరగడానికి ఇంకొకరి సాయం కావాలి. అలా కదల్లేకుండా ఉన్నప్పుడు చెప్పడమే మంచిదనుకుని, స్కూలు ఉద్యోగం సంగతి చెప్పేశాను.



“పప్పా నే బోలా?” అంది మేఘన.

“నాన్నే అన్నారు. నాకూ సరే అనిపించింది. జీతం ఉంటుంది, ఇంటి దగ్గర ఉంటావు, సెలవులుంటాయి.”

“మీరు నా పని ఎప్పుడైనా చూశారా మమ్మీ?” ఈసారి తెలుగులోనే అంది. కోపమొస్తే దానికి తెలుగు చక్కగా వస్తుంది.

“ఏం చూడాలే? ఇవాళంతా చూశానుగా. మంచు చూశాను, పేడ చూశాను, బురదలో దిగి మరీ చూశాను.”

పక్కనుంచి రజాయి కదిలింది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది. తర్వాత నవ్వాపి, మామూలు గొంతుతో చెప్పింది. “ఠీక్ హై. రేపు కూడా కనబడకపోతే సోమవారం నేనే స్కూలుకి ఫోన్ చేసి వస్తానని చెబుతా. మీరు మళ్ళీ అడగక్కర్లేదు.”

అది నిమిషంలో నిద్రపోయింది. నాకు పట్టలేదు. వచ్చిన పని ఇంత తేలిగ్గా అయిపోతుందనుకోలేదు. రేపొక్క రోజు ఆ దుప్పి బయటికి రాకపోతే చాలు. ఆ మాట అనుకోగానే, పొద్దున గిట్టల గుర్తుల మీద వంగినప్పటి దాని మొహం గుర్తొచ్చింది. అంత దగ్గరికొచ్చిన దాన్ని నా కేకే కదా బెదరగొట్టింది! దేవుడా, ఒక్కసారి కనబడనీ అనుకున్నాను. ఎటు మొక్కుకోవాలో తెలియకుండానే నిద్రపోయాను.

గట్టు మీద

ఆదివారం తీరిగ్గా తొమ్మిదికి లేచాం. ముల్లంగి పరాఠాలు తిన్నాం. తాఊజీ కూడా వస్తానన్నారు. సంతోష్, మామగారి ఎదుట వేసుకునే ముసుగు చాటు నుంచే, ఆయన మీద కేకలేసింది. ఆయన వినబడనట్టు తలపాగా చుట్టుకున్నారు. నేను రెండు శాలువాలు చంకన పెట్టుకుని, వణుకుతూ నడిచాను. ఆయన చెప్పినట్టే చెమట పట్టలేదు.

గట్టు మీద, గాలి మా మొహానికి తగిలేలా, కోసిన గడ్డి మోపుల వెనక కూర్చోబెట్టారు. మా వాసన దుప్పికి వెళ్ళకూడదట. అన్నీ తొడుక్కుని కూర్చున్నాం. పదకొండయింది. తెల్లటి గోడలా మంచు. పదకొండున్నర. మేఘన గడియారం చూసుకోవడం మానేసింది. మొహంలో ఏమీ లేదు. అలా ఏమీ లేకుండా ఉన్నప్పుడే దానికి లోపల ఎక్కువ బాధని నాకు తెలుసు.

పన్నెండవుతుండగా సూర్యుడు అన్నం పళ్ళెంలా తెల్లగా కనబడ్డాడు. మెల్లిగా పసుపుబారాడు. మంచు చిరుగులు పడి, కోసిన గడ్డి నేల బయటపడింది. అక్కడ ఏమీ లేదు.

తర్వాత, గడ్డి గోడలోంచి ఒక తల వచ్చింది. చెవులు పెద్దవి, కదులుతున్నాయి. ఆడది. అది పది అడుగులు వేసి, అటూ ఇటూ చూసి, ఎండకి పక్కగా తిరిగి నిలబడింది. దాని వెనకే ఇంకొకటి. పిల్ల ఒకటి. మళ్ళీ రెండు. వీపుల మీద నుంచి ఆవిరి లేస్తోంది.

మేఘన కెమెరాలోంచి చూస్తూ లెక్క చెబుతోంది. రాసుకోవడానికి దాని వేళ్ళు వంగడం లేదు. నోట్‌బుక్, పెన్ను నేను లాక్కున్నాను. ఇరవై రెండేళ్ళుగా అధికారులు చెప్పింది చెప్పినట్టు రాసిన చెయ్యి నాది. “ఆడవి తొమ్మిది. పిల్లలు మూడు. సమయం పన్నెండూ పది.” రాశాను. మగది లేదు. పది నిమిషాలు గడిచాయి. లేదు.

తాఊజీ నా మోచేతి మీద ఒక వేలు పెట్టి ఎడమ వైపు చూపించారు.

అది మిగతావాటికి దూరంగా, ఒంటరిగా వచ్చింది. మెడ మీద జూలు తడిసి ఉంది. పక్కటెముకలు తెలుస్తున్నాయి. ఆ నడకలో మాత్రం తొందర లేదు. తల కాస్త కుడివైపుకి వాల్చి నడుస్తోంది. ఎందుకో ఒక క్షణానికి అర్థమైంది. దానికి కుడి కొమ్మొక్కటే ఉంది. ఎడమది రాలిపోయింది.

మేఘన కెమెరా వరసగా చిటపటలాడింది.  నేను మేఘన చెవిలో అడిగాను, “ఒసే, ఒక్క కొమ్మే ఉందిగా. లెక్కలోకి వస్తుందా?”

మేఘన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరిపడుతున్నాయి. కళ్ళలోంచి నీళ్ళు. “మగదే కదా మమ్మీ!” అంది చివరికి. “ఒక్క కొమ్మున్నా మగదే!”

“బారా కాదు,” అన్నారు తాఊజీ గంభీరంగా, కొనలు లెక్కపెట్టి. “ఛే సింగా.” ఆరు కొమ్ములది.

ఆ మాటకి ముగ్గురం నవ్వు ఆపుకోలేక గడ్డి మోపుల్లోకి మొహాలు దాచుకున్నాం. తలెత్తేసరికి అది మా వైపే చూస్తోంది. మేం కదల్లేదు. అది మమ్మల్ని పట్టించుకోవాల్సినంత వాళ్ళుగా లెక్కేయలేదు కాబోలు, పక్కకి తిరిగి, వీపంతా ఎండకి ఇచ్చి, కళ్ళు సగం మూసింది.

నలభై నిమిషాలు అలాగే ఉంది. తర్వాత ఎక్కడో ట్రాక్టర్ చప్పుడైతే, ఆడవాటి వెనకే నెమ్మదిగా గడ్డిలోకి నడిచి వెళ్ళింది. గడ్డి కాసేపు కదిలి ఆగింది.

తాఊజీ ఇంకా అటే చూస్తున్నారు. తలపాగా కొసతో కళ్ళు తుడుచుకున్నారు. చలిగాలికి నీళ్ళొచ్చాయేమో అనుకున్నాను.

“కుర్రతనంలో కనబడగానే చంపించాం,” అన్నారు. “తర్వాత గోధుమ తింటున్నాయని తరిమాం. దానంతట అది వెళ్ళిపోయేదాకా ఊరికే కూర్చుని చూడటం నాకిదే మొదలు, బేటీ.”

మేఘన ఆయన చేతికి కెమెరా ఇచ్చి, ఫొటోలు ఎలా ముందుకు జరపాలో చూపించింది.

తిరిగి ఇల్లు

మీరట్‌లో బస్సు మారేటప్పుడు గజక్ అనే నువ్వుల మిఠాయి కొన్నాం. అరకిలో నూట అరవై. ఇంటికి చేరేలోపు సగం తినేశాం. బస్సులోనే మేఘన వాళ్ళ మేడమ్‌కి ఫొటో పంపింది. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది: అంశం మార్చక్కర్లేదు, వచ్చే ఏడు కూడా అక్కడే పని చేద్దాం. అది నాకు చూపించి, ఇంకేమీ అడగకుండా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను ఆ పక్కకి కదలకుండా కూర్చున్నాను.

జనక్‌పురి చేరేసరికి మావారు టీ పెట్టి ఎదురుచూస్తున్నారు. నేను లోపలికి రాగానే కళ్ళతోనే అడిగారు, చెప్పావా అని.

“చెప్పాను. స్కూలు వాళ్ళకి పొద్దున నేను ఫోన్ చేసి వద్దంటాను. మీరేం మాట్లాడకండి” అన్నాను. ఆయన మొహం ముడుచుకున్నారు. నేను మేఘన ఫోన్ తీసుకుని ఆ ఫొటో ఆయన ముందు పెట్టాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. రెండు వేళ్ళతో పెద్దది చేశారు. కాసేపు అటూ ఇటూ జరిపారు. టీ మీద మీగడ కట్టేసింది.

“ఆ రెండో కొమ్ము ఎన్ని రోజుల కిందట పడిపోయి ఉంటుంది?” అని అడిగారు. నన్ను కాదు, మేఘనని.

దాని చదువు గురించి, మార్కులూ ఉద్యోగమూ కాకుండా ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. మేఘన బూట్లు విప్పుకుంటున్నదల్లా ఆగిపోయి, ఒక కాలికి బూటుతోనే వచ్చి, ఆయన పక్కకి కుర్చీ లాక్కుంది.